కైట్‌బోర్డు అంచుకు అరల్డైట్ పూస్తే నిలిచిందా?

హన్మకొండ చౌరస్తా దగ్గర హార్డ్‌వేర్ షాపుకు పోయి "కైట్‌బోర్డు అతికించాలె, మంచి ఎపాక్సీ ఉంటే ఇయ్యన్నా" అన్నాను. ఆయన "పతంగికి గింత జిగురెందుకు తమ్మీ, సంక్రాంతి ఎప్పుడో అయిపాయె గదా" అన్నాడు. సముద్రమే లేని ఊళ్లో కైట్‌బోర్డు అంటే ఎవరికైనా పతంగే గుర్తొస్తుంది. పెద్ద గాలిపటం లాగుతుంటే నీళ్ల మీద నిలబడి జారే పలక ఇది అని ఫోన్‌లో ఫోటో చూపించాక నవ్వి, రెండు ట్యూబులు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు, అరల్డైట్ స్టాండర్డ్ 180 గ్రాముల ప్యాక్ చేతిలో పెట్టాడు. ఈ రివ్యూ దాని గురించే.

నాది సెకండ్‌హ్యాండ్ ట్విన్‌టిప్, అంటే రెండు కొనలూ ఒకేలా ఉండే బోర్డు. రామేశ్వరంలో లోతు లేని చోట రాయికి కొట్టుకుని, కొన దగ్గర అంచు ప్లాస్టిక్ పట్టీ జానెడు పొడవున నోరు తెరిచింది. ఈ బోర్డుల లోపల తేలిక చెక్క, దాని పైనా కిందా ఎపాక్సీలో ముంచిన గ్లాస్ ఫైబర్ గుడ్డ, చుట్టూ ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అంచు ఉంటాయి. బోర్డే ఎపాక్సీతో కట్టింది కాబట్టి అతుక్కూ ఎపాక్సీయే నయం. కార్ల డెంటింగ్ షాపులో వాడే బాడీ పుట్టీ చవకే గానీ అది పాలిస్టర్ రకం, నీళ్లు పీల్చుకుంటుంది, ఎపాక్సీ మీద గట్టిగా పట్టదు కూడా.

అసలు పని జిగురుది కాదు, ఆరబెట్టడానిది. పైకి పొడిగా కనిపిస్తున్న బోర్డును బొటనవేలితో నొక్కితే ఆ చీలికలోంచి ఒక బొట్టు బయటికొచ్చింది, నాలుక మీద పెట్టుకుని చూస్తే ఉప్పు, అంటే ఊరికొచ్చి వారమైనా సముద్రం ఇంకా లోపలే ఉంది. ఉప్పు ఉన్నంతకాలం గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుందని ముందు మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగాను. చీలికలో పాత ఏటీఎం కార్డు దూర్చి, ఆ నోరు కిందికి ఉండేలా నిలబెట్టి పది రోజులు ఫ్యాన్ కింద వదిలేశాను. డాబా మీద మే నెల ఎండలో పెడితే ఒక్కరోజులో ఆరుతుంది కదా అని నాన్న అన్నారు గానీ, అంత వేడికి బోర్డులోని పాత జిగురే మెత్తబడొచ్చని నేను ఒప్పుకోలేదు.

ఇక కలపడం. ట్యూబుల్లో రెసిన్ (అసలు జిగురు) 100 గ్రాములు, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది) 80. రెండింటినీ సమానంగా కలపమంటారు, కానీ ఆ సమానం ఘనపరిమాణంలో, తూకంలో కాదు. నేను తెలివిగా అమ్మ వంటింటి త్రాసు తెచ్చి గ్రాముకు గ్రాము తూచాను. ముందు ఒక చెక్కముక్క మీద పూసి చూసుకున్నాను కాబట్టి బతికిపోయాను, మర్నాటికి కూడా గోరు దిగేంత రబ్బరులా ఉండిపోయింది. త్రాసుతోనే కలపాలంటే రెసిన్ 100కి హార్డెనర్ 80. లేదంటే రెండు గీతలు ఒకే పొడవు, ఒకే లావు పిండుకుంటే చాలు.

ఫిల్లర్‌కు ఏమీ కొనలేదు. వడ్రంగి దగ్గర రంపం పొట్టు తెచ్చి చాయ్ జాలీతో జల్లించి (జాలీ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు) జిగురులో మురుకుల పిండంత గట్టిగా కలిపాను. చీలిక లోపలికి మాత్రం పొట్టు లేని జిగురును సూది తీసేసిన సిరంజితో ఎక్కించి, ఎగిరిపోయిన పెచ్చు స్థానంలో పొట్టు ముద్ద నింపాను. అంతకుముందు ఏబీఎస్‌ను 80 నంబర్ సాండ్‌పేపర్‌తో బాగా గరుకు చేయాలి, నున్నగా ఉంటే పట్టదు. పైన పాల ప్యాకెట్ కవరు పరిచి (దానికి ఎపాక్సీ అంటదు) రెండు చెక్కల మధ్య క్లాంపులు బిగించాను. మొదటిసారి ఈ పని పొద్దున పెట్టుకోవడం పొరపాటైంది, ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పెచ్చు చోట బుడగలు లేచాయి. అక్కడ మాత్రం గీకేసి, సాయంత్రం చల్లబడే వేళ మళ్లీ నింపితే చక్కగా పట్టింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. తేనెలా చిక్కగా ఉంటుంది కాబట్టి గ్లాస్ ఫైబర్ గుడ్డలోకి ఇంకదు, బోర్డు అడుగు భాగం పగిలిన వాళ్లు పల్చటి లామినేటింగ్ ఎపాక్సీ వెతుక్కోవాల్సిందే. ఎండకు పచ్చబడుతుంది, నా తెల్ల అంచు మీద ఇప్పుడు పసుపు రాసినట్టు చార ఉంది. చేతికి తగిలితే దురద, గ్లవ్స్ తప్పనిసరి. తొందర ఉందని అయిదు నిమిషాల రకం మాత్రం కొనకండి, అలాంటివి నీళ్లలో నానితే బలం తగ్గుతుంది.

మూడు రోజులు కదపకుండా ఉంచి, 120తో రుద్ది, 400 తడి పేపర్‌తో నునుపు చేసి, ఆ కొనను రాత్రంతా బకెట్ నీళ్లలో నిలబెట్టాను. తర్వాత రామేశ్వరంలో నాలుగు రోజులు వాడాను. ఇంటికొచ్చి మళ్లీ బొటనవేలితో నొక్కితే బొట్టు రాలేదు. అయిదుకు నాలుగు స్టార్లు, ఒకటి ఆ పసుపు చారకు కోత.