తుపాకీ అమ్మేముందు ఎవరిని అడగాలి? హైదరాబాద్ పద్ధతి మేలా, టెక్సస్ పద్ధతి మేలా?

మా బాబాయ్‌కి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో బంగారం దుకాణం ఉంది. రాత్రిళ్లు సరుకు పట్టుకుని ఇంటికి రావాలంటే భయమేసి తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఎంక్వైరీలతోనే నెలలు గడిచిపోయాయి. డాలస్ దగ్గర ఉండే మా పెద్దమ్మ కొడుకు మాత్రం గ్రీన్‌కార్డు వచ్చాక ఒక షాపుకి వెళ్లి, గంట తిరక్కుండానే పిస్టల్‌తో ఇంటికొచ్చాడు. ఇద్దరూ ఏ నేరమూ ఎరగనివాళ్లే. కానీ 2023 మేలో వాడికి దగ్గర్లోనే ఉన్న అలెన్ మాల్‌లో కాల్పులు జరిగి 8 మంది చనిపోయారు. వాళ్లలో ఒక హైదరాబాద్ కుటుంబంలోని అమ్మాయి కూడా ఉంది. అప్పట్నుంచి ఏ పద్ధతి మేలన్న మాట మా ఇంట్లో కాలక్షేపానికి వచ్చేది కాదు.

టెక్సస్‌లో తుపాకీ కొనడానికి ముందుగా అనుమతి అక్కర్లేదు. లైసెన్సున్న డీలర్ దగ్గర ఫారం నింపితే, అతను ఎఫ్‌బీఐ నడిపే కంప్యూటర్ వ్యవస్థను అడుగుతాడు. 1993 నాటి బ్రాడీ చట్టం ఫలితంగా 1998లో అది మొదలైంది. పాత శిక్షలు, గృహహింస కేసులు, కోర్టు నిర్ధారించిన మానసిక సమస్యలు చూస్తారు. చాలావరకు నిమిషాల్లో జవాబొస్తుంది. ఇందులో ఉన్న మంచిని ఒప్పుకోవాలి. రూలు అందరికీ ఒకటే, ఏ అధికారి దయా అక్కర్లేదు.

కానీ 3 పనిదినాల్లో జవాబు రాకపోతే డీలర్ అమ్మేయొచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో 9 మందిని చంపినవాడి చేతికి తుపాకీ ఇలాగే వచ్చింది. 21 ఏళ్లలోపు వాళ్ల విషయంలో అవసరమైతే ఈ గడువును 10 పనిదినాలకు పెంచుతూ 2022లో చట్టం చేశారు.

ఇంతకన్నా పెద్ద కంత ఇంకొకటుంది. వ్యాపారి కాని మామూలు మనిషి తన తుపాకీని అదే రాష్ట్రంలోని ఇంకొకరికి అమ్మితే, ఫెడరల్ చట్టం ప్రకారం తనిఖీ అక్కర్లేదు. టెక్సస్ కూడా అడగదు. 2019 ఆగస్టులో అక్కడి ఒడెస్సా, మిడ్‌లాండ్ ఊళ్లలో 7 మందిని చంపినవాడు 2014లో డీలర్ దగ్గర తనిఖీలో ఫెయిలయ్యాడు. తర్వాత ప్రైవేటుగా రైఫిల్ కొనుక్కున్నాడు. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టినట్టే కదా!

మన దగ్గర వరస తిరగబడి ఉంటుంది. ముందు మనిషిని చూస్తారు, తర్వాతే తుపాకీ. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నిబంధనలు దీనికి ఆధారం. 21 ఏళ్లు నిండాలి, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, శిక్షణ పొందాలి, పోలీస్ రిపోర్టు రావాలి. హైదరాబాద్‌లో లైసెన్సిచ్చేది పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేని చోట కలెక్టర్. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించకూడదు, లైసెన్సు 5 ఏళ్లు చెల్లుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, "నీకు తుపాకీ ఎందుకు?" అన్న ప్రశ్న. అమెరికాలో తుపాకీ రాజ్యాంగ హక్కు. బయట వెంట పెట్టుకు తిరగడానికి ప్రత్యేక కారణం చూపమన్న న్యూయార్క్ చట్టాన్ని 2022లో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది.

మన చట్టంలోనూ ఆ 3 రోజుల గడువులాంటిదే ఉందని చాలామందికి తెలియదు. పోలీస్ రిపోర్టు గడువులోగా రాకపోతే, దానికోసం ఆగకుండా అధికారి నిర్ణయం తీసుకోవచ్చు. తేడా ఏమిటంటే, అక్కడ ఆ నిర్ణయం అమ్మకం మీద బతికే డీలర్‌ది, ఇక్కడ జవాబు చెప్పుకోవాల్సిన అధికారిది.

అలాగని మనది బంగారమని అనను. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలో రాసి ఉన్నా, పలుకుబడి ఉన్నవాళ్ల ఫైలు నడిచే వేగం వేరు. జమ్మూ కశ్మీర్‌లో 2012-16 మధ్య డబ్బు తీసుకుని లక్షల లైసెన్సులు బయటివాళ్లకు ఇచ్చారన్న ఆరోపణలపై సీబీఐ కేసు పెట్టింది. లైసెన్సు గడప తొక్కకుండా ఉత్తరాది నుంచి వచ్చే తపంచాల (నాటు పిస్టళ్ల) సంగతి సరేసరి. దాన్ని ఏ ఫారమూ ఆపలేదు, పోలీసులే పట్టుకోవాలి.

ఇన్ని లోపాలున్నా నా ఓటు మన వరసకే. అమెరికాలోనే దీనికి రుజువుంది. మిస్సోరీలో చేతి తుపాకీ కొనడానికి ముందు పర్మిట్ తీసుకోవాలన్న చట్టాన్ని 2007లో ఎత్తేశారు. ఆ తర్వాత అక్కడ తుపాకీ హత్యలు పెరిగాయని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు తేల్చారు.

అయితే కెనడా నుంచి మనం ఒకటి తెచ్చుకోవాలి. అక్కడ లైసెన్సు అడిగేవాళ్లు భార్య లేదా భర్త పేరు, గత రెండేళ్లలో విడిపోయిన భాగస్వామి పేరు కూడా రాయాలి. వాళ్ల సంతకం లేకపోతే అధికారులే వాళ్లకు కబురు పంపుతారు. ఇంట్లో మనిషి చెయ్యి ఎత్తుతాడో లేదో కేసు పెడితేగానీ కంప్యూటర్‌కి తెలియదు, పక్కింటాయనకీ తెలియకపోవచ్చు. భార్యకి తెలుస్తుంది.

బాబాయ్ ఎంక్వైరీకి వచ్చినాయన ఎదురింటివాళ్లని అడిగాడు, పక్క దుకాణంవాళ్లని అడిగాడు. లోపల కాఫీ కలుపుతున్న పిన్నిని మాత్రం ఒక్క మాటా అడగలేదు. "నన్ను అడిగుంటే వద్దని చెప్పేదాన్నిరా. ఈయన మంచోడే గానీ, కోపమొస్తే గిన్నెలు విసురుతాడు" అంది నాతో తర్వాత. లైసెన్సు వచ్చేసింది. రెన్యువల్ ఎంక్వైరీకి వచ్చిన రోజు వరండాలో తనే కుర్చీ వేసుకుని కూర్చుంటానంటోంది.