ఉజ్జయినిలో ఉత్తుత్తి కిటికీ, ఇండోర్‌లో అరణ్య

ఉజ్జయినికి కుటుంబంతో వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా. "గుడికి దగ్గర" అని రాసిన లాడ్జికి ఆన్‌లైన్‌లో పూర్తి డబ్బు కట్టకండి. దిగాక గది కళ్లతో చూసి, గోడ మీద వేలితో కొట్టి చూసి, అప్పుడు కట్టండి. గోడ సంగతి ఎందుకో కింద చదివితే మీకే అర్థమవుతుంది. ఇండోర్‌లో పేదల ఇళ్ల కోసం ప్లాన్ చేసిన అరణ్య చూసొచ్చిన సంగతీ కిందే ఉంది.

మేం నలుగురం. నేను, మావారు, అత్తమ్మ, మామయ్య. శంషాబాద్ నుంచి ఇండోర్‌కి నేరుగా విమానం ఉంది, గంటన్నర ప్రయాణం. తలకి 4,850 పడింది. ఇండోర్ నుంచి ఉజ్జయిని 55 కిలోమీటర్లు, కారుకి 1,600. ఇంతవరకు ఏ తలనొప్పీ లేదు.

లాడ్జి ప్రకటనలో ఉన్నది ఇది: మహాకాళేశ్వరుడి గుడికి 300 మీటర్లు, లిఫ్ట్, ఏసీ ఫ్యామిలీ రూమ్, నలుగురికి 3,200. ఫొటోలో తెల్ల దుప్పట్లు, పెద్ద కిటికీకి మెరూన్ కర్టెన్లు. తీరా చూస్తే కారు గుడి దాటింది, సందులు దాటింది, ఒక మిఠాయి కొట్టు పక్కన ఆగింది. అక్కడి నుంచి గుడికి నడిస్తే పాతిక నిమిషాలు. లిఫ్ట్ "రిపేర్" అన్నాడు. లిఫ్ట్ ఉండాల్సిన చోట చీపుర్లు, ఖాళీ నీళ్ల డబ్బాలు పేర్చి ఉన్నాయి కాబట్టి ఆ రిపేరు ఇప్పటిది కాదు. అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు ఎక్కింది. ఎక్కినంతసేపూ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతేనే మాకు భయం.

గదిలో ఏదో ముక్కిన వాసన. కాస్త గాలి వస్తుందని మామయ్య కర్టెన్ లాగారు. వెనక కిటికీ లేదు. గోడకి చెక్క ఫ్రేము కొట్టి, అందులో మసక అద్దం బిగించి, పైన కర్టెన్ వేశారు. మామయ్య హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా మేస్త్రీ పని చేసిన మనిషి. ఆయనకి కోపం రాలేదు, ముచ్చటేసింది. ఫ్రేము అంచులు తడిమి, "పని మంచిగనే జేసిండు" అన్నారు. తర్వాత మంచం పక్క గోడ మీద వేలితో కొట్టారు. డబ్బా మోత. "గిది గోడ గాదు బిడ్డా, ప్లైవుడ్డు. ఒక్క రూముని రెండు జేసి అమ్ముకుంటుండు." ఆ రాత్రి అవతలి సగంలో ఉన్నాయన ఫోన్ మాట్లాడుతూనే ఉన్నాడు. రత్లాంలో వాళ్ల మేనకోడలి పెళ్లికి ఎంత బంగారం పెడుతున్నారో మాకు తులాలతో సహా తెలిసిపోయింది.

కింద కౌంటర్‌లో అడిగితే "నాన్ రిఫండబుల్ సార్" అని ఒకటే పాట. పైగా నలుగురికని రాసిన గదిలో రెండు పరుపులు అదనమట, ఒక్కోటి 500. వేడినీళ్లు బకెట్‌కి 40. పొద్దున 9 కల్లా ఖాళీ చేయాలి, లేదంటే సగం రోజు అద్దె. మొత్తం 4,360 అయింది. మావారు హిందీలో గట్టిగానే వాదించారు, ఒక బకెట్ డబ్బులు తగ్గించాడు.

దర్శనం మాత్రం బాగా అయింది. 250 రూపాయల టికెట్ లైనులో గంటన్నర. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, ముందే గదిలో పెట్టి రండి. 2022లో తెరిచిన మహాకాళ్ లోక్ కారిడార్ సాయంత్రం చూడాలి, పగలు రాయి కాలుతుంది. ఓంకారేశ్వర్ ఇండోర్ నుంచి రానూపోనూ కారుకి 3,400, తెల్లారి వెళ్లి చీకటి పడేలోపు వచ్చేశాం. ఇండోర్‌లో సర్వతే బస్టాండ్ వైపు ఒక మామూలు గెస్ట్‌హౌస్ దొరికింది, 1,900, నిజం కిటికీలు. రాత్రి సరాఫా బజార్‌లో భుట్టే కా కీస్ (మొక్కజొన్న తురుముతో చేస్తారు), గరాడు (వేయించిన దుంప ముక్కలు) తిన్నాం. బంగారం కొట్లు మూసేశాక వాటి ముందే తిండి బళ్లు పెడతారు. మావారు మళ్లీ వెళ్దామనే ఒకటే గొడవ.

ఇండోర్‌లో ఖాళీగా ఉన్న పూట ఎక్కడికెళ్లాలన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. అత్తమ్మకి మహేశ్వరి చీర కావాలి. మా అమ్మాయి మాసాబ్ ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది, పరీక్షలని రాలేదు. అది మాత్రం ఫోన్‌లో వదల్లేదు: "అమ్మా, ఇండోర్ దాకా వెళ్లి అరణ్య చూడకుండా వస్తే నేను మాట్లాడను." అరణ్య అంటే అడవి కాదు, కాలనీ. స్కీమ్ నంబర్ 78, ఆగ్రా-ముంబై రోడ్డు వైపు, ఊరి నడిబొడ్డు నుంచి ఓ 6 కిలోమీటర్లు. "ఇళ్లు చూడనీకి ఇంత దూరం రావాల్నా? మన గల్లీల లేవా ఇళ్లు?" అని అత్తమ్మ. ముందు చీర, తర్వాత ఇళ్లు అని ఒప్పందం కుదిరింది. చీర 2,750. ఆటో 160.

విషయం ఏంటంటే, 1980లలో ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ దాదాపు 85 హెక్టార్లు, అంటే మన లెక్కలో 210 ఎకరాలు, పేదవాళ్ల ఇళ్ల కోసం తీసింది. ప్లాన్ బాలకృష్ణ దోషీ గారిది, అహ్మదాబాద్ ఆయన. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆర్కిటెక్టులకి అది నోబెల్ లాంటిది, మన దేశంలో ఆ బహుమతి అందుకున్న మొదటి ఆర్కిటెక్ట్ ఆయనే, 2023లో పోయారు. ఆయన బృందం ముందు ఇండోర్ బస్తీల్లో తిరిగి జనం ఎలా ఉంటున్నారో, ఎక్కడ వండుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో చూశాకే గీత గీసింది. దాదాపు 6,500 ప్లాట్లు. వాటిలో మూడింట రెండొంతులు బాగా పేదవాళ్లకి. అన్నిటికంటే చిన్నది 35 చదరపు మీటర్లు, అంటే 42 గజాలు. పెద్దవి 475 చదరపు మీటర్ల దాకా ఉన్నాయి, అవి రోడ్డు వైపు డబ్బున్నవాళ్లకి అమ్మి ఆ లాభంతో చిన్న ప్లాట్ల ఖర్చు తగ్గించారు. పేదవాడికి పూర్తి ఇల్లు కట్టివ్వలేదు. బేస్‌మెంట్, లెట్రిన్, నల్లా, స్నానానికి చోటు, ఇంతే. మిగతాది నువ్వు కట్టుకో, నీకు ఎప్పుడు డబ్బుంటే అప్పుడు, నీకు ఏది దొరికితే దానితో. ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి దోషీ గారు 80 నమూనా ఇళ్లు కట్టించారు. పని 1989లో పూర్తయింది, 1995లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది.

ఫొటోల్లో చూసి వెళ్తే మాత్రం మొదట కాస్త చప్పగా ఉంటుంది, ముందే చెప్తున్నా. మా అమ్మాయి పంపిన ఫొటోలో ఖాళీ మెట్లు, తెల్ల గోడలు, నీడలు. ఇక్కడ ఆ మెట్ల మీద గ్యాస్ సిలిండర్లు, తులసి కోట, ఆరేసిన పాంట్లు. చాలా ఇళ్లు రెండు మూడు అంతస్తులు లేచాయి. కొన్నిచోట్ల రెండు ప్లాట్లు కలిపేసి టైల్స్ అంటించి గ్రిల్స్ బిగించారు, దోషీ గారొచ్చినా తన ఇల్లేదో పోల్చుకోలేరు. పిల్లలు ఆడుకోవాలని వదిలిన చిన్న చౌకుల్లో బైకులు నిలబడి ఉన్నాయి. మావారు ఆటో దిగగానే "ఇది మన బోరబండే కదా" అన్నారు.

మామయ్య అలా అనలేదు. ఆయన నాలుగో ఇంటి దగ్గరే ఆగిపోయారు.

ఒక చిన్న కిరాణా కొట్టు. ఇంటి ముందు గదే కొట్టు. ముందు అరుగు, అరుగు పక్క నుంచే పైకి మెట్లు, బయటి నుంచే. మామయ్య మెట్టు వెడల్పు జానతో కొలుస్తుంటే లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చి ఏం కావాలని అడిగింది. ఆయన తన పాతబస్తీ హిందీలో "మేస్త్రీ హూ అమ్మా, సీడీ దేఖ్ రహా హూ" అన్నారు, అంటే మేస్త్రీని, మెట్లు చూస్తున్నా అని. ఆవిడ నవ్వి, కుర్చీ వేసి, ఇల్లంతా తిప్పి చూపించింది. చాయ్, ఒక ప్లేట్ సేవ్, అంటే మన కారప్పూస లాంటిది. డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు సబ్బులు కొన్నాం, అంతే.

పట్టా వాళ్ల మామగారి పేరు మీద వచ్చిందట. మొదట బేస్‌మెంట్ మీద రేకుల గది ఒక్కటే. తర్వాత ఇటుక గోడలు. స్లాబు చిట్టీ ఎత్తాక. పెద్ద కొడుకు పెళ్లికి పైన గది, చిన్న కొడుకు చదువయ్యాక దాని మీద ఇంకోటి. ఇప్పుడు పై గది ఇద్దరు కోచింగ్ పిల్లలకి అద్దెకిచ్చింది, నెలకి 4,500. వాళ్లు బయటి మెట్లెక్కి పోతారు, ఆవిడ వంటింట్లోంచి నడవక్కర్లేదు. "ఈ గల్లీలో మొదట వచ్చినవాళ్లం ఇంకో మూడిళ్లవాళ్లమే ఉన్నాం, మిగతావాళ్లు అమ్ముకుని పోయారు" అంది. బాధగానూ లేదు, గొప్పగానూ లేదు.

మామయ్యకి పట్టింది మెట్లు. వీధికీ ఇంటి గోడకీ నడుమ అర మీటరు జాగా ప్లాన్‌లోనే వదిలారు. మెట్టో, అరుగో, బాల్కనీయో అందులో వేసుకోవచ్చు. మన దగ్గర ఆ అర మీటరు ఆక్రమించుకోవాలి, తర్వాత మున్సిపాలిటీ వాళ్లొస్తే చేతులు కట్టుకోవాలి. ఇంకోటి, వెనక లెట్రిన్లు పక్కింటివాటికి వీపు ఆనించి ఉన్నాయి. పైపు లైను దగ్గరికొచ్చి ఖర్చు తగ్గుతుంది, ఇరవై ఇళ్లకి ఒక సెప్టిక్ ట్యాంకు చొప్పున మొదట్లో వేశారు. "గిది నాకు ఎరికనే గని, మాకు ఎవ్వడు ముందుగాల డ్రైనేజీ వేసియ్యలే. ఇల్లు గట్టినంక పదేండ్లకు తవ్విండ్రు" అన్నారు మామయ్య.

మామయ్యది జగద్గిరిగుట్టలో 60 గజాలు. రాళ్లు కొట్టి చదును చేసుకుని, పగలు వేరేవాళ్ల ఇళ్లు కట్టి, రాత్రి లైటు వేసుకుని తన గోడ లేపిన మనిషి. పట్టా జీవో 58 (సర్కారు జాగాలో ఇల్లు కట్టుకున్న పేదలకి పట్టాలిచ్చే ఉత్తర్వు) కింద వచ్చింది, అప్పటికి ఇల్లు రెండంతస్తులైపోయింది. హైదరాబాద్‌లో సగం బస్తీల కథ అదే: ముందు ఇల్లు, తర్వాత నీళ్లు, ఆ తర్వాత కాగితం. అరణ్యలో కాగితం, నీళ్లు, మోరీ ముందొచ్చాయి, ఇల్లు తర్వాత. నాకు ఆ వరసే నచ్చింది, గోడల అందం కాదు. హైదరాబాద్ శివారు కొల్లూరులో ప్రభుత్వం పేదలకి 15,660 డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్లు కట్టింది, ఒక్కోటి 560 చదరపు అడుగులు, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ తొమ్మిదో అంతస్తులో కిరాణా కొట్టు పెట్టలేవు, కొడుకు పెళ్లికి పైన గది లేపలేవు. ఇప్పటి ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు దశలవారీగా ఇస్తున్నారు, కట్టుకునేది మనమే, అది మేలు. కాకపోతే ముందు సొంత జాగా ఉండాలి. నగరంలో 42 గజాలు పేదవాడికి ఎవడిస్తాడు?

అత్తమ్మ ఈ గోలంతా వినలేదు. ఆ పెద్దావిడతో అరుగు మీద కూర్చుని, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే అర్థమవుతుండగా, కోడళ్ల గురించి మాట్లాడుకున్నారు. నేను పక్కనే ఉన్నానన్న సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. చీర కవరు విప్పి రంగు కూడా చూపించింది. లాడ్జి దెబ్బకి ముడుచుకున్న మొహం అక్కడే విచ్చుకుంది. చాయ్‌లో అల్లం తక్కువైందని మాత్రం ఆటోలో అంది.

వెళ్లాలనుకుంటే పొద్దున 8-10 మధ్య వెళ్లండి, లేదంటే సాయంత్రం 5 తర్వాత. మధ్యాహ్నం తలుపులేసుకుంటారు. టికెట్ లేదు, గైడు లేడు, బోర్డు కూడా మాకు కనబడలేదు. "అరణ్య నగర్, స్కీమ్ 78" అని ఆటోవాడికి చెప్తే చాలు. వెయిటింగ్‌కి క్యాబ్ పెట్టుకోకండి, మా పక్కనే ఆగిన ఇంకో టూరిస్టు దగ్గర గంటకి 300 అడుగుతున్నాడు. కెమెరా పైకెత్తేముందు అడగండి, అవి జనం ఉంటున్న ఇళ్లు. పిల్లల్ని ఆర్కిటెక్చర్, సివిల్ చదివిస్తున్నవాళ్లు తప్పకుండా తీసుకెళ్లండి. గుళ్లు, తిండి చూసుకోవడానికి వచ్చినవాళ్లకి ఇది అక్కర్లేదు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

విమానం ఆలస్యమైంది. ఎయిర్‌పోర్ట్‌లో చాయ్ 180, ఆ దెబ్బకి మామయ్య తాగలేదు. బిల్లు వెనక్కి తిప్పి మా జగద్గిరిగుట్ట ఇంటికి బయటి మెట్ల లెక్క వేశారు. లోపలి మెట్లు తీసేస్తే కింద హాల్లో ఒక మంచం జాగా మిగులుతుందట, పై పోర్షన్ అద్దెకుంటున్నవాళ్లు మా టీవీ ముందు నుంచి నడిచే బాధ తప్పుతుందట. ఇనుము, కంకర, కూలీ కలిపి ఆయన లెక్క 85,000. మావారి లెక్క లక్షన్నర, పైగా మెట్లు గల్లీలోకి వస్తే పక్కింటివాళ్లు ఊరుకోరని. అత్తమ్మ ఓటు మామయ్యకే, అయితే మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటకూడదని షరతు. శంషాబాద్‌లో దిగేదాకా తేలలేదు, ఇంకా తేలలేదు.