సొంత వేగంతో ఆల్జీబ్రానా, బ్యాచ్ క్లాసా?

దేవరకొండ నుంచి నల్లగొండకు రోజూ బస్సులో వచ్చి బ్యాచ్‌లో కూర్చునే మా తమ్ముడికి సార్ ఎదురుగా ఉండటమే పెద్ద ధైర్యం, కానీ బ్రాకెట్‌లో ఉన్న ఎక్స్ మైనస్ 3ని మైనస్ 2తో గుణిస్తే చివర ప్లస్ 6 ఎందుకొస్తుందో వాడికి ఎక్కేలోపే బోర్డు మీద క్వాడ్రాటిక్ మొదలైపోయింది. ఖాన్ అకాడమీ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఉచితంగా దొరికే కాలేజ్ ఆల్జీబ్రా కోర్సులో ఆ తొందర లేదు, వీడియో ఆపి వెనక్కి తిప్పుకోవచ్చు, లెక్క తప్పితే హింట్ చూసి మళ్లీ చేయొచ్చు, రాత్రి పదకొండింటికైనా సరే. ఆ మైనస్ గుర్తుల దగ్గరే వాడు నాలుగు రోజులు ఆగాడు, ఎవరూ ఏమనలేదు. బేసిక్స్ బలహీనంగా ఉన్నవాళ్లకు నేనైతే ఇదే చెప్తాను. ఇబ్బందల్లా ఒకటే, వారం మానేసినా అడిగేవాళ్లుండరు. అందుకే వాడు ఆదివారం ఆదివారం నోట్సు తెచ్చి నాకు చూపిస్తున్నాడు.