చెప్పుల్లేకుండా తొక్కే ఫుట్‌స్విచ్‌కి ఏ స్విచ్ మంచిది?

విజయనగరం చుట్టుపక్కల గుడి సంబరాల్లో, పెళ్లిళ్లలో గిటార్ వాయిస్తుంటాను. ఆంప్ ఛానల్ (ఆంప్‌లోని వేర్వేరు సౌండ్లు) మార్చడానికి ఒకటి, ప్రతిధ్వని ఇచ్చే డిలే పెడల్‌కి ట్యాప్ టెంపో (పాట లయకి తొక్కి వేగం చెప్పడం) ఇవ్వడానికి ఒకటి, సొంతంగా కట్టుకున్న ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరగరలాడించే పెడల్) ఆన్-ఆఫ్‌కి ఒకటి, ఇలా మూడు స్విచ్‌లు ఒకే అల్యూమినియం డబ్బాలో బిగించి కొన్నేళ్లుగా వాడుతున్నాను.

స్విచ్ కొనేటప్పుడు అందరూ ముందు ధర చూస్తారు, తర్వాత కాళ్లు (వైర్లు సోల్డర్ చేసే పిన్నులు) లెక్కపెడతారు. అసలు తేల్చుకోవాల్సింది లాచింగ్ కావాలా, మొమెంటరీ కావాలా అన్నది. కాలింగ్ బెల్ బటన్ లాంటిది మొమెంటరీ: నొక్కినంతసేపే కలుస్తుంది. లాచింగ్ ఒకసారి తొక్కితే కలిసి అలాగే ఉంటుంది, మళ్లీ తొక్కితే విడిపోతుంది. ట్యాప్ టెంపోకి లాచింగ్ పెడితే రెండు తొక్కుళ్లలో ఒక్కటే లెక్కకొస్తుంది, డిలే వేగం సగమైపోతుంది. ఆంప్ ఛానల్‌కి మాత్రం చాలా ఆంపుల్లో రెండు కాళ్ల మామూలు లాచింగ్ చాలు. కొన్ని ఆంపులు మొమెంటరీ అడుగుతాయి కాబట్టి మాన్యువల్ చూసే కొనండి. తయారైనదే కొనేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది: బాస్ కంపెనీ ఎఫ్‌ఎస్-5యూ మొమెంటరీ, ఎఫ్‌ఎస్-5ఎల్ లాచింగ్.

తొమ్మిది కాళ్ల త్రీ పీడీటీ స్విచ్ అవసరమయ్యేది ఓవర్‌డ్రైవ్ బైపాస్‌కే, అంటే ఆఫ్‌లో సిగ్నల్ ఆ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా పోయేలా చెయ్యడానికే. లోపల ఉన్నవి మూడు వేర్వేరు స్విచ్‌లు, ఒకే బటన్ కింద కదులుతాయి. రెండు సిగ్నల్ లోపలికి, బయటికి వెళ్లే దారుల్ని మారుస్తాయి, మూడోది ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. అందుకే ఇది పాడైతే పసిగట్టడం కష్టం. సిగ్నల్ వైపు కాంటాక్ట్ అరిగినా లైటు చక్కగా వెలుగుతూనే ఉంటుంది, సౌండ్ మాత్రం రాదు. స్టేజి మీద కేబుల్ పోయిందా, ఆంప్ పోయిందా అని టెన్షన్ పడి వెతుక్కోవాలి. నా డబ్బాలో ఇప్పటిదాకా మార్చాల్సి వచ్చింది ఈ రకమే.

దీని ఆయుష్షు సగం సోల్డరింగ్ రోజునే తేలిపోతుంది. కాలు మీద ఐరన్ ఎక్కువసేపు ఉంచితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడి కాంటాక్ట్ పక్కకు జరుగుతుంది, లోపలి గ్రీజు కరిగి పాకుతుంది. వైరు కొనకి ముందే సోల్డర్ పట్టించి, ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లలో ముగించి, పక్క కాలికి పోకుండా దూరంగా ఉన్నదానికి వెళ్లాలి. ఆన్ చేసినప్పుడు స్పీకర్లో టప్‌మని కొడితే ముందే స్విచ్‌ని అనుమానించొద్దు. సర్క్యూట్ ఇన్‌పుట్ దగ్గర, అవుట్‌పుట్ దగ్గర గ్రౌండ్‌కి 1 మెగ్‌ఓమ్ రెసిస్టర్ వేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇక మన దగ్గర మాత్రమే పట్టించుకోవాల్సిన విషయం, కాలు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లోనో, ఊరి అమ్మవారి పండక్కో వాయించేటప్పుడు స్టేజి మీద దేవుడి పటం ఉంటుంది, చెప్పులు కిందే విప్పేస్తాం. బూటుతో తొక్కేలా చేసిన గట్టి క్లిక్ స్విచ్‌ని ఉత్తి కాలితో రాత్రంతా తొక్కితే బొటనవేలి కింద మెత్త భాగం నొప్పెట్టి, ఆఖరి పాటలకి కాలు ఆనించలేం. క్లిక్ లేని సాఫ్ట్ టచ్ మొమెంటరీ చాలా తక్కువ బలంతో దిగుతుంది, పక్కనున్న మైక్‌లో శబ్దం కూడా పడదు. ట్యాప్ టెంపోకి నేను పెట్టింది అదే, చాలా తృప్తిగా ఉంది. గట్టి స్విచ్ తప్పని చోట బటన్ మీద వెడల్పాటి ప్లాస్టిక్ టోపీ పెట్టండి. బరువు అరికాలంతా పరుచుకుంటుంది.

కొనగానే మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, బటన్ నొక్కి, వదిలి, రెండు స్థితుల్లోనూ చూడండి. సాఫ్ట్ టచ్‌లలో కొన్ని నొక్కితే కలిసేవి, కొన్ని నొక్కితే విడిపోయేవి ఉంటాయి, బయటికి ఒకేలా కనిపిస్తాయి. నాలా అన్నీ ఒకే డబ్బాలో పెట్టేవాళ్లు ఆంప్‌కి వెళ్లే జాక్ ప్లాస్టిక్‌ది తీసుకుని, దాని వైర్లు లోపల వేటికీ తగలకుండా విడిగా ఉంచండి. రెండు గ్రౌండ్లు కలిస్తే హమ్ (స్పీకర్లో గుయ్‌మనే శబ్దం) మొదలవుతుంది. త్రీ పీడీటీ మాత్రం ఎప్పుడూ ఒకటి అదనంగా కొని, వైర్లు సోల్డర్ చేసి గిటార్ బ్యాగులో వేసి ఉంచుకోండి.