బ్రాంచీలు కలిపేటప్పుడు ఫైళ్ల పేర్లు కొట్టుకోకుండా: వరస నంబరా, టైమ్‌స్టాంపా?

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇంటి నుంచే పని చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ నన్ను తిప్పి తిప్పి అడిగేది ఒకటే. డేటాబేస్ మార్చే స్క్రిప్టులకి 0001, 0002 అని వరస నంబర్లు వేయాలా, తేదీ టైమూ (టైమ్‌స్టాంపు) పెట్టాలా? గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క దాచే టూల్), బ్రాంచి (ఎవరి పని వాళ్లు విడిగా చేసుకునే నకలు), మెర్జి (ఆ నకళ్లని కలపడం) మీకు తెలిసినవే కాబట్టి సూటిగా చెప్పేస్తాను.

పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయనకి స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకోండి. మెయిన్ అనే అసలు బ్రాంచిలో ఆఖరి స్క్రిప్టు 0011. శ్రీకాకుళంలో ఉన్నావిడ తేమ శాతం కాలమ్ కోసం 0012_తేమ రాసింది, బొబ్బిలిలో ఉన్నతను డబ్ల్యూ180, డబ్ల్యూ240, డబ్ల్యూ320 అనే పప్పు సైజు గ్రేడుల టేబుల్ కోసం 0012_గ్రేడు రాశాడు. రెండు బ్రాంచీలూ మెర్జి చేస్తే గిట్ కిమ్మనదు. పేరు మొత్తం అక్షరం పొల్లుపోకుండా ఒకటై, లోపలి సరుకు వేరైతేనే అది కాన్‌ఫ్లిక్ట్ (రెండూ పొసగట్లేదు, మీరే తేల్చండి) అంటుంది, మొదటి నాలుగంకెలు కలిస్తే దానికేం పట్టదు. నన్నడిగితే పేర్లు పూర్తిగా కలిసిపోవడమే నయం, అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఏమవుతుందో మీరు వాడే టూల్‌ని బట్టి ఉంటుంది. జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) అయితే 0011 తర్వాత రెండు కొసలున్నాయని చెప్పి ఆగిపోతుంది, రెండిటినీ కలిపే స్క్రిప్టు (మెర్జి మైగ్రేషన్) ఒకటి చేయించుకుంటుంది. ఇలాంటి స్క్రిప్టులు నడిపే ఫ్లైవే అనే టూల్ కూడా ఒకే వెర్షన్ నంబరుతో రెండు ఫైళ్లుంటే ఒప్పుకోదు. అసలు ప్రమాదం మనం సొంతంగా రాసుకున్న చిన్న షెల్ స్క్రిప్టులతోనే. "12 అయిపోయింది" అని నంబరు ఒక్కటే గుర్తు పెట్టుకునే రకమైతే గ్రేడు నడిచి, తేమ చడీచప్పుడు లేకుండా మిగిలిపోతుంది. సరే, తేమని 0013 చేద్దాం అంటారా? ఆవిడ లాప్‌టాప్‌లో అది 0012గా ఎప్పుడో నడిచేసింది, ఇప్పుడు కొత్త పేరుతో మళ్లీ నడిచి, ఆ కాలమ్ ఇప్పటికే ఉందని ఎర్రర్ కొడుతుంది.

టైమ్‌స్టాంపుతో ఈ బాధ లేదు. రెయిల్స్ (రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వాళ్లు 2008లో, 2.1 వెర్షన్‌లో, వరస నంబర్లు వదిలేసి దీనికే మారారు. సంవత్సరం నుంచి సెకను దాకా 14 అంకెలు, అదీ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైములో. ఇద్దరూ ఒకే సెకనులో ఫైలు తయారు చేస్తే తప్ప కొట్టుకోవు. టీమ్‌లో ఒకరు టూల్‌తో, ఇంకొకరు చేత్తో మన గడియారం చూసి పేరు పెడితే మాత్రం ఐదున్నర గంటల తేడా వచ్చి ముందుది వెనకా వెనకది ముందూ అయిపోతాయి, కాబట్టి పేరు టూల్‌తోనే పెట్టించండి.

అయితే చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, నాకు అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. పేర్లు కొట్టుకోకపోతే పనులు కొట్టుకోవని ఏమీ లేదు. సంక్రాంతికి తీసిన బ్రాంచి, దసరా అయ్యాక వచ్చే విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాటికి మెర్జి అయిందనుకోండి. అందులోని స్క్రిప్టు పేరులో ఉన్నది జనవరి. సర్వర్‌లో అది అన్నిటికన్నా ఆఖర్న నడుస్తుంది, కొత్తగా చేరిన కుర్రాడి మెషీన్‌లో మధ్యలో ఎక్కడో నడుస్తుంది. రెండు స్క్రిప్టులూ ఒకే టేబుల్ మీద చెయ్యేస్తే రెండు చోట్లా ఫలితం ఒకటే అన్న గ్యారంటీ లేదు. ఫ్లైవే ఇలా వెనక నుంచి వచ్చినదాన్ని డిఫాల్ట్‌గా ఆపేస్తుంది, రెయిల్స్ మాత్రం నడపనిది కనిపిస్తే నడిపేస్తుంది.

అందుకే నా ఓటు టైమ్‌స్టాంపుకే, కానీ ఒక షరతు మీద. ఆ ఫోల్డర్‌లోనే ఒక్క లైను ఉండే ఫైలు ఒకటి పెట్టండి, అందులో ఆఖరి స్క్రిప్టు పేరు మాత్రమే ఉండాలి. కొత్త స్క్రిప్టు రాసిన ప్రతివాళ్లూ ఆ లైను మార్చాలి. రెండు బ్రాంచీల్లో అదే లైను రెండు రకాలుగా మారితే మెర్జి దగ్గర కాన్‌ఫ్లిక్ట్ వచ్చి తీరుతుంది. కావాలని తెచ్చుకున్న గొడవే ఇది. రెండోసారి మెర్జి చేసేవాళ్లు ఆగి, మొదటివాళ్లు ఏం మార్చారో చూసి, తమ స్క్రిప్టు ఇంకా సర్వర్‌కి చేరలేదు కాబట్టి దానికి కొత్త టైము ఇస్తారు. తమ మెషీన్‌లో పాత పేరుతో నడిచినదాన్ని మాత్రం ముందే వెనక్కి తీసుకోవాలి. జాంగోకి లీనియర్ మైగ్రేషన్స్ అనే ప్యాకేజీ సరిగ్గా ఈ పనే చేస్తుంది. రెయిల్స్‌లో స్కీమా ఫైల్లోని (డేటాబేస్ రూపం రాసి ఉండే ఫైలు) వెర్షన్ లైను కూడా ఇంచుమించు ఇలాగే ఉపయోగపడుతుంది.

అలెంబిక్ అనే పైథాన్ టూల్‌లా గజిబిజి అక్షరాల ఐడీ ఇచ్చి, దీనికి ముందుది ఏదో ఫైలు లోపల రాసుకునే పద్ధతీ ఉంది. క్రమం పక్కాగా ఉంటుంది, కానీ ఫోల్డర్ తెరిస్తే ఏది ముందో ఏది వెనకో కంటికి ఆనదు. పైథాన్ వాళ్లయితే వాడుకోండి.

ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టేవాళ్లకి ఒక మాట. "రైతు"లో ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకి వాడే కోడ్) ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. చూడ్డానికి తేడా తెలీదు, లైనక్స్‌లో మాత్రం అవి రెండు వేరే ఫైళ్లు, మ్యాక్‌లో ఒకటే. ఇంగ్లీషు పేర్లలో పెద్దబడి చిన్నబడి అక్షరాలతో విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ వచ్చే తంటా ఇలాంటిదే, అన్నీ చిన్నబడిలో పెట్టుకుంటే పోతుంది.

ఇప్పటికే 0011 దాకా వచ్చేశాం, ఇప్పుడెలా అంటే, పాతవి ముట్టుకోకండి. 12వది నుంచి టైమ్‌స్టాంపు మొదలెట్టండి. సున్నాతో మొదలయ్యే పేర్లన్నీ 2తో మొదలయ్యేవాటికన్నా ముందే వస్తాయి, అంకె లెక్కన చూసినా 11 చిన్నదే, కాబట్టి వరస ఎక్కడా చెడదు.