లూథర్ మీద మూడు సినిమాలు: ఏది మేలు?

మత సంస్కరణ దినమైన అక్టోబరు 31 దగ్గర పడుతున్నదంటే లూథరన్ సంఘాల యువజన కూటాలలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది: ఈసారి పదహారవ శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ మీద సినిమా వేస్తే ఏది వేయాలి? 1842లో లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి ఆంధ్ర దేశంలో లూథర్ పేరు బాగా తెలిసిన పేరుగా నిలిచిపోయింది గనుక, ఈ ప్రశ్న మనవాళ్లకు పరాయిదేమీ కాదు. ఎంచుకోదగినవి ముఖ్యంగా మూడు ఆంగ్ల చిత్రాలు ఉన్నాయి. మొదటిది 1953లో ఇర్వింగ్ పిచెల్ దర్శకత్వంలో నియల్ మెగిన్నిస్ నటించిన నలుపు తెలుపు చిత్రం. రెండవది జాన్ ఆస్బోర్న్ నాటకం ఆధారంగా గై గ్రీన్ తీయగా 1974లో విడుదలైన, స్టేసీ కీచ్ నటించిన చిత్రం. మూడవది 2003లో ఎరిక్ టిల్ దర్శకత్వంలో జోసెఫ్ ఫైన్స్ నటించిన రంగుల చిత్రం.

నా ఓటు పాతదానికే. అయితే అది పాతది గనుక గొప్పదని నేను అనడం లేదు. దానిలో తప్పులున్నాయి, దాపరికాలూ ఉన్నాయి.

లూథర్ కథలో చిక్కంతా ఒక్కచోట ఉంది. మఠంలోని ఒక సన్యాసి ‘నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును’ అనే, బైబిలులోని రోమా పత్రిక మాట దగ్గర ఆగిపోయి, ఆ మాటకు తాను గ్రహించిన అర్థం కోసం పోపునూ చక్రవర్తినీ ఎదిరించాడు. గుర్రాలు, కోటలు, మంటలు తెర మీద చూపడం సులువే గాని, ఒక వాక్యానికి అర్థం మారడాన్ని చూపడం కష్టం. 1953 చిత్రం ఆ కష్టాన్ని తప్పించుకోలేదు. మనుషులు బల్ల చుట్టూ చేరి, గ్రంథం తెరిచి, వాదించుకుంటున్న దృశ్యాలను విసుగు పుడుతుందన్న భయం లేకుండా చూపింది. దీనిని నిర్మించిన లూయీ డి రోష్‌మాంట్ సంస్థకు వార్తాచిత్రాల అనుభవం దండిగా ఉంది. అందుకే వ్యాఖ్యాత గొంతు మధ్యమధ్య కథను నడిపిస్తుంది, 1505 నుంచి 1530 వరకు జరిగిన సంగతులు తారీఖుల వరుసలో సాగిపోతాయి. ఇప్పటి ప్రేక్షకుడికి అది పాఠం చెప్పినట్లు అనిపించవచ్చు. నూట అయిదు నిమిషాలలో అలాంటి ఘట్టాలు కొన్ని నిజంగానే ఉన్నాయి.

చక్రవర్తి ఎదుట లూథర్‌ను విచారించిన వర్మ్స్ సభ దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి ఫలిస్తుంది. 1521 ఏప్రిల్ 17న లూథర్‌ను అడిగినవి రెండే ప్రశ్నలు: ఈ పుస్తకాలు నీవేనా, వీటిలోని మాటలను వెనక్కి తీసుకుంటావా? అతడు వెంటనే గర్జించలేదు, ఆలోచించుకోవడానికి గడువు అడిగాడు. ఒక్క రోజు ఇచ్చారు. వీరుడనుకున్నవాడు మొదటి రోజు వెనకాడాడన్న ఈ చారిత్రక సత్యంలోనే నాటకమంతా ఉంది. మెగిన్నిస్ వెడల్పు ముఖం, గట్టి దవడ, ఎక్కడా తొణకని గొంతు ఆ ఘట్టానికి బాగా అమరాయి. మరునాటి జవాబు చివర చెప్పినట్లు ప్రసిద్ధికెక్కిన ‘ఇక్కడే నిలిచి ఉన్నాను’ అనే మాట ఆనాటి సభా నివేదికలలో కనబడదు, తరువాతి అచ్చు ప్రతులలో చేరింది. పాపపరిహార పత్రాల మీద రాసిన తొంభై అయిదు వాదాంశాలను విట్టెన్‌బర్గ్ చర్చి తలుపు మీద మేకులతో కొట్టిన దృశ్యం సంగతీ అంతే: 1517 అక్టోబరు 31న లూథర్ మైన్జ్ ఆర్చిబిషప్పుకు ఉత్తరం రాసిన మాట నిజం, సుత్తి సంగతి మాత్రం చరిత్రకారుల మధ్య తేలలేదు. యువజనులకు సినిమా వేసేవారు ఈ రెండు సంగతులూ ముందే చెప్పి వేస్తే మంచిది.

2003 చిత్రం బలం వేరు. పాపశిక్ష తగ్గుతుందంటూ సొమ్ము తీసుకుని పాపపరిహార పత్రాలు అమ్మిన టెట్జెల్ పాత్రలో ఆల్ఫ్రెడ్ మోలినా నరకాన్ని వర్ణిస్తూ తన అరచేతిని మంట మీద పెడతాడు. ఆ పక్కనే నడవలేని కూతురున్న ఒక పేద తల్లి తన దగ్గరున్న కొద్దిపాటి సొమ్ముతో పాపపరిహార పత్రం కొని, దానిని సంబరంగా తెచ్చి లూథర్‌కు చూపిస్తుంది. పాపపరిహార పత్రాల వ్యాపారం అంటే ఏమిటో పదిహేనేళ్ల పిల్లలకు ఒక గంట ఉపన్యాసం చెప్పలేని దానిని ఆ తల్లి ముఖం చెప్పేస్తుంది. లూథర్‌ను కాపాడిన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్‌గా పీటర్ ఉస్తినోవ్ కనిపించినంత సేపు తెర అతనిదే. 2004లో కన్నుమూసిన ఆ మహానటుడి చివరి పాత్రలలో ఇదొకటి. చివరన 1530లో ఆగ్స్‌బర్గులో రాకుమారులు చక్రవర్తి ముందు మోకరిల్లి మెడలు వంచే దృశ్యం అతిగా తోస్తుంది గాని, విశ్వాసాన్ని వదులుకోవడం కన్నా తల నరికించుకోవడం మేలని ఒక ప్రభువు చెప్పిన మాట చరిత్రలో ఉంది.

ఫైన్స్ మరీ సన్నగా, అందంగా ఉన్నాడని, లూథర్ బొద్దుగా ఉండేవాడని చాలామంది విమర్శిస్తారు. ఇది సరైన విమర్శ కాదు. మన గోడల మీది పటాలలో కనిపించే బొద్దు మనిషి నడివయసు లూథర్. 1520లో చిత్రకారుడు క్రానాక్ చెక్కిన చిత్రంలో బుగ్గలు లోపలికి పోయిన బక్క సన్యాసే ఉన్నాడు. నాకున్న అసంతృప్తి మరోటి. ఉరి వేసుకున్న కుర్రవాడిని లూథర్ స్వయంగా గొయ్యి తవ్వి పాతిపెట్టడం వంటి కల్పనలు చేర్చి, ఆ చిత్రం అతడిని ప్రతి ఘట్టంలోనూ మనకు నచ్చే మనిషిగా దిద్దుతుంది. నిజానికి లూథర్ అంత తేలికగా నచ్చే మనిషి కాదు.

ఆ సంగతి తెలిసినది 1974 చిత్రానికే. ఇందులో లూథర్ కడుపునొప్పితో, మలబద్ధకంతో, తండ్రి మెప్పు దొరకలేదన్న బాధతో మెలికలు తిరిగిపోతాడు. కొడుకును న్యాయవాదిగా చూడాలనుకున్న తండ్రి హాన్స్ కోపాన్ని పాట్రిక్ మెగీ మరిచిపోలేనట్లు చేశాడు. ఇది సినిమా కన్నా రంగస్థలానికి దగ్గర. మత సంస్కరణ చరిత్ర ఏమీ తెలియనివారికి సగం అర్థం కాదు. పిల్లలతో కలిసి చూడదగినదీ కాదు. కానీ 1525 నాటి రైతుల తిరుగుబాటును లూథర్ ముఖాన నిలిపి అడిగిన చిత్రం ఈ మూడింటిలో ఇదొక్కటే. తిరగబడిన రైతులను పొడిచి, నరికి అణచమని అతడు ప్రభువులకు రాశాడు. 1953 చిత్రం దాని మీదుగా చప్పుడు లేకుండా దాటిపోతుంది. 2003 చిత్రం శవాలను చూపి అతడి చేత కన్నీరు పెట్టిస్తుంది గాని, ఆ రాతల బరువును అతడి మీద పెట్టదు. ఈ రెండు చిత్రాల నిర్మాణంలో అమెరికాలోని లూథరన్ సంస్థల సొమ్ము ఉందని తెలిస్తే ఆ మొహమాటానికి కారణం వెతుక్కోనక్కరలేదు. 1543లో యూదుల మీద అతడు రాసిన విషపు రాతలను మూడూ ముట్టుకోలేదు. కథను ముందుగానే ముగించడం దానికి చక్కని వీలు కల్పించింది.

చర్చి సొమ్ముతో తీసిన పాత చిత్రం చప్పగా ఉంటుందనుకుంటే పొరపాటు. కెనడాలోని క్విబెక్‌లో దానిని నిషేధించారు. 1956 డిసెంబరులో షికాగోలోని ఒక టెలివిజన్ కేంద్రం కాథలిక్కుల నిరసనల మధ్య దాని ప్రసారాన్ని చివరి గడియలో మానుకున్నది. ఛాయాగ్రహణానికీ కళా దర్శకత్వానికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. జర్మనీలోనే చిత్రీకరించిన రాతి మఠాల నీడలు చూస్తే అవి ఎందుకు వచ్చాయో తెలుస్తుంది.

ఒక్క సాయంత్రమే ఉంటే 1953 చిత్రం వేయండి. పది పన్నెండేళ్ల పిల్లలు ఎక్కువగా ఉంటే 2003 చిత్రంలో టెట్జెల్ ఘట్టం వరకు చూపి, వర్మ్స్ సభను మాత్రం పాతదానిలో చూపవచ్చు. ఒకే ఘట్టాన్ని ఇద్దరు నటులు చేసిన తీరు మీద పిల్లలు తామే వాదులాడుకుంటారు. 1974 చిత్రాన్ని పెద్దల కోసం వేరుగా ఉంచి, రైతు శవం పక్కన నిలబడి ఒక యోధుడు లూథర్‌ను నిలదీసే చోట ఆపి, దీపాలు వేసి, కాసేపు మాట్లాడుకోండి.