కాలనీ గుడ్డ సంచి: మూడేళ్ల వాడకం తర్వాత

ముందే తేల్చి చెబుతాను. సంచి మంచిది, ప్లాస్టిక్ కవర్లు మానిపించాలని మా కాలనీలో చేసిన ప్రచారం మాత్రం సగమే గెలిచింది. గెలిచిన సగం బియ్యం, పప్పులు, ఉల్లిపాయలు, కూరగాయలు. మాంసం, సాంబారు, దోసెపిండి దగ్గరికి వచ్చేసరికి మా కాలనీ ఇప్పటికీ కవర్ల మీదే నడుస్తోంది.

తిరుపతిలో ఉండేవారికి 2021 నవంబరు వానలు గుర్తుండే ఉంటాయి. నీళ్లు తగ్గాక మా వీధి కాలువలో పూడిక తీస్తే మట్టితో పోటీపడి కవర్లు బయటికి వచ్చాయి. ఊరు మునగడానికి అసలు కారణం ఆ రోజుల కుండపోత, దానికి తోడు నీళ్లు పోయే దారులు మూసుకుపోవడం. అయినా కాలువ గట్టు మీద కుప్పగా కనిపించినవి కవర్లే కాబట్టి కోపం వాటి మీదికి మళ్లింది. పొదుపు సంఘం మహిళలు, రిటైరైన ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు, ఇంటర్ చదివే పిల్లలు కొందరు కలిసి, కవర్లు మానేసి గుడ్డ సంచి వాడమని చెబుతూ మరుసటి ఏడాది జులైలో ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే, 2022 జులై 1న, ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. స్ట్రాలు, చెంచాలు, గ్లాసులు, పళ్లాలు, అలంకరణకు వాడే థర్మకోల్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. చేతిసంచులు అందులో లేవు. వాటి లెక్క మందంతో ముడిపడి ఉంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు): 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. అంతకన్నా పలచనివి చెల్లవు. ఈ తేడా ప్రచారంలో తిరిగినవారిలోనే చాలామందికి తెలియదు. 'కవర్లన్నీ నిషేధం' అని వీరు చెప్పడం, అంగడి యజమాని మందపాటి సంచి ఒకటి తీసి 'మరి ఇది?' అని అడగడం, వీరు నీళ్లు నమలడం చాలాచోట్ల జరిగింది.

ఇక సరుకు సంగతి. కిట్టు అని పేరు పెట్టి రెండు పెద్ద సంచులు, మూడు చిన్న పలచటి సంచులు కలిపి నూట ఇరవై రూపాయలకు ఇచ్చారు. పెద్దవాటికి నగరి వైపు మరమగ్గాల మీద నేసిన కోరా గుడ్డ. కుట్టింది పొదుపు సంఘం వారే.

పెద్ద సంచి గురించి కాస్త వివరంగా చెప్పాలి. అడుగున నాలుగు వేళ్ల వెడల్పు వదిలి కుట్టారు. ఆ వెడల్పు లేని సంచిలో తెచ్చిన టమోటాలు ఇల్లు చేరేసరికి రసం పెట్టుకోవడానికే పనికొస్తాయి. పట్టీలను పై అంచుకు అతికించి వదిలేయకుండా సంచి సగం దాకా దించి, పట్టీ మొదలు దగ్గర గుణకారం గుర్తులా అడ్డకుట్టు వేశారు. ఐదు కిలోల ఉల్లిపాయలతో బైరాగిపట్టెడ నుంచి నడిచి వచ్చినా ఊడలేదు. పొడవు మాత్రం ఎవరో ఆరడుగుల మనిషిని కొలత పెట్టుకుని నిర్ణయించినట్టున్నారు. నేను చేత్తో పట్టుకుంటే అడుగు నేలను రాస్తుంది. భుజానికి తగిలించుకుంటే ఆకుకూరల నీళ్లు చీరకు అంటుతాయి. చివరికి పట్టీలకు తలా ఒక ముడి వేశాను. ఇప్పుడు మా వరుసలో చాలా ఇళ్ల సంచులకు ఆ ముడి ఉంది.

కుట్టు విషయంలో రెండు సంచులకు రెండు తలరాతలు. ఒకటి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రెండోదాని అడుగు మొదటి ఏడాదిలోనే విడిపోయింది. ఒంటికుట్టు వేసి అంచు మడవకుండా వదిలేశారు, కోరా గుడ్డకు అలా చేస్తే పోగులు జారిపోతాయి. తీసుకెళ్లి చూపిస్తే డబ్బులు అడగకుండా అంచు రెండు మడతలు పెట్టి కుట్టి ఇచ్చారు. ఆ తర్వాత కుట్టినవన్నీ మడతకుట్టే. పెద్ద దుకాణాల్లో కొన్న సంచికి ఈ సౌకర్యం దొరకదు.

మొదటి ఉతుకులో రెండు వేళ్ల మేర కుదించుకుపోయింది. గంజి వదలని కోరా గుడ్డకు అది మామూలే. పసుపు, బీట్‌రూట్ మరకలు పోవు, పోవాలని నేనూ పట్టుబట్టలేదు. కార్తీకంలో వానలు పట్టినప్పుడు ఆరడానికి రెండు రోజులు తీసుకుంటుంది. సగం తడితో మడిచిపెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది. అందుకే ఇంటికి ఒకటి చాలదు. చిన్న పలచటి సంచులు పచ్చిమిరపకాయలకు, బీన్స్‌కు బాగుంటాయి. కొత్తిమీర, కరివేపాకు వాటిలోనే ఫ్రిజ్‌లో పెడితే కవరులో కంటే ఎక్కువ రోజులు నిలుస్తున్నాయి. కవరులో చెమ్మ పట్టి నల్లబడేవి.

ఇక్కడ ఒక పక్కమాట. మా అత్తగారి దగ్గర ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట ఉంది, ఆకుపచ్చ తెలుపు గళ్లది. చిత్తూరు వైపు ఒకప్పుడు ఆడపిల్లలు సెలవుల్లో ఇలాంటివి అల్లేవారు. దీనికి పిడి ఒకసారి మార్చారు, అంతే. చేపలు తెచ్చినా కడిగి బోర్లిస్తే చాలు. ప్రచారానికి వచ్చిన అమ్మాయి దాన్ని చూసి 'ఇది కూడా ప్లాస్టిక్కే కదా అవ్వా' అంది. 'నీకంటే పెద్దది, మర్యాదగా మాట్లాడు' అన్నారు అత్తగారు. నా ఓటు అత్తగారికే. దశాబ్దాలు వాడే ప్లాస్టిక్‌తో నాకు పేచీ లేదు.

మొత్తం ప్రచారంలో నాకు బాగా నచ్చింది డిపాజిట్ సంచి. సంచి లేకుండా బజారుకు వచ్చేవారిని ఉపన్యాసాలతో మార్చలేమని మొదటి ఆరు నెలల్లోనే తేలిపోయింది. ఆఫీసు నుంచి వస్తూ దారిలో కూరగాయలు కొనే మనిషి జేబులో గుడ్డ సంచి ఎందుకు ఉంటుంది? అందుకని కిరాణా అంగడి గుమ్మానికి ఒక మేకు కొట్టి సంచులు తగిలించారు. ఇరవై రూపాయలు కట్టి తీసుకెళ్లాలి, తిరిగి ఇస్తే ఇరవై వెనక్కి. మొదట్లో వెళ్లిన సంచులు వెళ్లినట్టే. ఇరవై రూపాయలకు ఆ సంచి ఎక్కడా రాదు కాబట్టి జనం ఉంచేసుకున్నారు. అప్పుడు డిపాజిట్‌ను నలభై చేసి, అంచుకు ఎర్ర పట్టీ వేశారు. ఎర్ర పట్టీ సంచితో ఎవరు కనిపించినా 'ఇంకా ఇవ్వలేదా' అని ఎదురింటివారే అడిగేస్తారు. ఇప్పుడు చాలావరకు తిరిగి వస్తున్నాయి. అంగడి యజమానికి కవర్ల ఖర్చు తగ్గింది కాబట్టి ఆయన కూడా మొహం చిట్లించడం లేదు.

తోపుడు బండ్ల వారి మీద పడటం మాత్రం ప్రచారం చేసిన పెద్ద పొరపాటు. పది రూపాయల కొత్తిమీర అమ్మే మనిషిని 120 మైక్రాన్ల సంచి కొనమంటే ఆమె అమ్మకం మీద మిగిలేది ఏమిటి? మేము కొనే బండి ఆమె సూటిగా చెప్పింది: 'నేను కవరు వెయ్యకపోతే పక్క బండి దగ్గర కొంటారు అక్కా. ముందు మీవాళ్లకు చెప్పు.' మధ్యలో అధికారులు వచ్చి జరిమానాలు వేసిన రోజులూ ఉన్నాయి. కొన్ని వారాలు కవర్లు గోనెపట్టా కిందికి వెళ్లాయి, అడిగినవారికి మాత్రం బయటికి వచ్చేవి. తర్వాత మళ్లీ మామూలే. అసలు పట్టుకోవలసిన చోటు వేరే ఉంది. నిబంధనల ప్రకారం చేతిసంచి మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం ముద్రించి ఉండాలి. కూరగాయల మార్కెట్లో చేతికి వచ్చే పలచటి కవరు మీద ఏమీ ఉండదు. మైక్రాన్లు కొలిచే పరికరం అక్కరలేదు, ముద్ర లేదంటే చాలు. ఆ ముద్ర లేని కట్టలు ఏ గోదాములో దిగుతున్నాయో వెతకడం బండివారి త్రాసు పట్టుకోవడమంత సులువు కాదు, అందుకే అటు ఎవరూ వెళ్లరు.

తిరుపతివారికి ఈ విషయంలో మరో ఇబ్బంది ఉంది. తలెత్తితే కొండ కనిపిస్తుంది. తిరుమలలో 2022 జూన్ 1 నుంచి ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించారు. అలిపిరి తనిఖీ దగ్గరే కవర్లు, సీసాలు దించేస్తారు. నీళ్లు గాజు సీసాల్లో దొరుకుతాయి. లడ్డూలకు జనపనార సంచులు ఉన్నాయి, రక్షణ పరిశోధన సంస్థ రూపొందించిన మట్టిలో కలిసే సంచుల అమ్మకం 2021 ఆగస్టులోనే మొదలైంది. 'పైన అయింది కింద ఎందుకు కాదు?' అని మా సమావేశాల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అడిగేవారు. భక్తి తక్కువై కాదు. కొండకు బస్సైనా కారైనా అలిపిరి దాటాలి, నడిచేవారికి అలిపిరి, శ్రీవారి మెట్టు దారులే. పైన అంగళ్లన్నిటి మీదా ఒకే యాజమాన్యం అజమాయిషీ. కింద ఊరికి రేణిగుంట నుంచి, చంద్రగిరి నుంచి, కరకంబాడి నుంచి ఏ మూట ఏ వాహనంలో వస్తుందో ఆపి చూసే గేటు ఎక్కడుంది? పైగా కొండ ఎక్కబోయేవారు వదిలించుకునే కవర్లు కూడా కిందనే మిగులుతాయి.

మట్టిలో కలిసేవని అమ్మే కవర్ల గురించి కూడా ఒక మాట. వాటిలో చాలావరకు ఎరువు తయారీ కేంద్రాల్లోని వేడికి కరగడానికి చేసినవి. అలా ముద్రించి ఉన్న ఒక కవరు ముక్కను మేడ మీది ఎరువు కుండీలో వేశాను. కూరగాయల తొక్కలు మట్టి అయిపోయాక కూడా అది చేతికి తగులుతూనే ఉంది. బట్టల దుకాణాల్లో ఇచ్చే గుడ్డలా కనిపించే సంచి కూడా గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. దానికీ చదరపు మీటరుకు 60 గ్రాములు ఉండాలన్న నిబంధన ఉంది. ఎండలో ఆరేస్తే కొన్నాళ్లకు పొడిపొడిగా రాలుతుంది. ప్రచార సభలో అతిథులకు బహూకరించినవి ఈ సంచులే!

ఇక తడి సరుకు. పూలవారు మాత్రం ఎవరూ పెద్దగా చెప్పకుండానే అరిటాకు ముక్కకు తిరిగి వచ్చారు, మల్లెలకు అదే మంచిది. మాంసానికి మూత ఉన్న స్టీలు డబ్బా తీసుకెళ్తున్నాను. మొదట్లో అంగడి అబ్బాయి డబ్బా బరువు ఎలా తీసేయాలని గునిశాడు. కాటా మీద ఖాళీ డబ్బా పెట్టి టేర్ మీట నొక్కితే సున్నా అవుతుందని చూపించాక ఒప్పుకున్నాడు. కానీ ఆదివారం ఉదయం వరుసలో డబ్బాతో నిలబడేవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. టిఫిన్ సెంటరు సంగతి ఇంకా అన్యాయం. ఇడ్లీలు ఆకులో కడతారు, పొగలు కక్కే సాంబారు మాత్రం పలచటి కవరులో పోసి దారంతో బిగిస్తారు. పోనీ బజ్జీలైనా పాత పేపరులో కట్టించుకుందామంటే, అచ్చు సిరా తినే వస్తువులకు అంటుతుందని ఆహార భద్రత సంస్థ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది.

కవర్లు మానేశాక ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటి ఎదురైంది. తడి చెత్త దేనిలో వేయాలి? కూరగాయల కవరే చెత్త కవరుగా పనికొచ్చేది. ఇప్పుడు మూత బకెట్టు పెట్టి, చెత్త బండి రాగానే నేరుగా గుమ్మరిస్తున్నాను. రోజూ కడుక్కోవాలి. కడగలేని ఇళ్లవారు చెత్త కవర్లు కొంటున్నారు. మిగిలిన అన్నం కవరులో ముడివేసి వీధి మలుపులో పెడితే ఆవులు ముడితో సహా మింగేస్తాయి. మన సీమలోని పుట్టపర్తి నుంచి, మూగజీవాల కోసం పనిచేసే కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఈ బాధతోనే.

కవరే చెత్త కవరుగా మారే ఈ చిక్కును లెక్కలు కూడా పట్టించుకున్నాయి. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాతావరణం మీద ప్రభావంలో మామూలు పలచటి కవరు కంటే నూలు సంచి మెరుగు అనిపించుకోవాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. ఆ కవర్లన్నీ చెత్తకు మళ్లీ వాడేవైతే 327 సార్లు. డెన్మార్క్ ప్రభుత్వ సంస్థ 2018లో అక్కడి దుకాణాల ప్లాస్టిక్ సంచితో పోల్చి, నీళ్లు, ఓజోన్ వంటి అన్నిటిలోనూ మెరుగు కావాలంటే 7,100 సార్లు అంది, వాతావరణం ఒక్కటే చూస్తే 52. పంట పండించడం, నేయడం ఊరికే కావు కదా. కాలువలో పేరుకోవడం, ఆవు కడుపులో చేరడం ఈ అంకెల్లో లేవు కాబట్టి నేను వీటిని చూసి కవర్లకు తిరిగి పోను. కానీ పండగకొకటి, నాయకుడి బొమ్మతో ఒకటి, పెళ్లి తాంబూలానికి ఒకటి చొప్పున గుడ్డ సంచులు పంచుతూ పోవడం మాత్రం ఈ లెక్కలో ఎటు చూసినా దండగే. మా ఇంట్లో ఇప్పుడు వాడని సంచులు ఒక అర నిండా ఉన్నాయి.

కాబట్టి పాత పంచెతోనో జంపఖానాతోనో కుట్టిన సంచి ఇంట్లో ఉన్నవారు కిట్టు కొనకండి, డిపాజిట్ సంచి వాడుకోండి. కొనేవారు పెద్దవి మాత్రమే తీసుకోండి, ఇప్పుడు విడిగా అరవైకి ఇస్తున్నారు. కొత్తగా కుట్టినవాటికి పట్టీ పొడవు తగ్గించారు. టిఫిన్ సెంటరులో స్టీలు క్యారియర్లు డిపాజిట్ మీద పెట్టాలన్న ఆలోచన మాత్రం ఇంకా నలుగుతూనే ఉంది. తిరిగి వచ్చినవాటిని కడిగే మనిషికి జీతం ఎవరు ఇస్తారని యజమాని అడుగుతున్నాడు. సంఘం దగ్గర దానికి జవాబు లేదు, నా దగ్గరా లేదు.